నరకని చెట్టుకు లెక్క కట్టడం: నా అనుభవం

ఎకనామిక్స్‌లో పీజీ అయ్యాక అడవులు, వాతావరణ మార్పుల మీద పనిచేస్తానంటే అందరూ అడిగింది ఒకటే: "చెట్లతో ఎకనామిక్స్‌కేం పని?" నిజానికి ఈ పని పాతదే. చెట్టును ఎన్నేళ్లకు నరికితే గిట్టుబాటో ఫౌస్ట్‌మన్ అనే జర్మన్ 1849లోనే సూత్రం కట్టాడు. నరక్కుండా ఉంచితే ఎంత మేలో తేల్చడం ఇప్పుడు నా వంతు.

మొదట ఫీల్డుకు పంపారు. చాలామంది విసుక్కునే ఆ పని నాకు తెగ నచ్చింది. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున మాను చుట్టూ టేపు వేయాలి. తీగలు పాకి ఉంటే టేపును వాటి కిందుగా పోనివ్వాలి, లేకపోతే చెట్టుకు లేని లావు వచ్చిపడుతుంది. చెట్టు అడుగున వేర్లు పలకల్లా పొడుచుకొస్తే వాటికి పైన కొలవాలి. ఆ కొలతల నుంచి ఎండు బరువు అంచనా కట్టి, 0.47తో గుణిస్తే కార్బన్. దాన్ని 44/12తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్. ఇంతవరకు టెన్షన్ లేదు.

తిప్పలన్నీ బేస్‌లైన్ దగ్గరే. అంటే, అడవిని కాపాడే మా ప్రాజెక్టు లేకపోతే ఈ అడవి ఎంత పోయేది? జరగనిదాన్ని కొలిచే టేపు ఎక్కడా దొరకదు. పక్క అడవితో పోలిస్తే చాలనిపిస్తుంది. కానీ రక్షిత అడవులు చాలావరకు రోడ్లకు దూరంగా, ఏటవాలు నేలల్లో ఉంటాయి. వాటి జోలికి ఎలాగూ ఎవరూ పోరు. ఆ ఘనత కూడా ప్రాజెక్టుకే ఇస్తే ఎలా? అందుకే వాలు, రోడ్డు దూరం, నేల తీరు ఒకేలా ఉన్న అడవి తునకలను, రక్షణ ఉన్నదొకటి లేనిదొకటి చొప్పున, వెతికి జతలు కట్టాలి. కోస్టారికాలో ఇలాగే లెక్కేసిన 2008 నాటి అధ్యయనం, రక్షణ లేకపోయినా ఆ అడవుల్లో పోయేది సుమారు పదో వంతేనని తేల్చింది. మామూలు పోలికలు చాలా ఎక్కువ చూపించాయి.

మా ప్రాజెక్టులోనూ అంతే, జతలు కట్టేసరికి కార్బన్ క్రెడిట్లు, అంటే గాల్లోకి పోకుండా ఆపిన కార్బన్ డయాక్సైడ్ లెక్కన అమ్ముకునేవి, తగ్గాయి. డబ్బు పెట్టినవాళ్ల మొహాలు మాడాయి. మీటింగుల మీద మీటింగులు. ఆడిటర్ మాత్రం వేరేచోట పట్టుకున్నాడు: "ఇక్కడ ఆగిన గొడ్డలి పక్క అడవిలో పడలేదని ఏం నమ్మకం?" న్యాయమైన ప్రశ్న. చుట్టూ ఉన్న అడవిని ఏడాదివారీగా ఉపగ్రహ చిత్రాల్లో చూసి, అక్కడ పెరిగిన నరికివేతను మా లెక్కలోంచి కోసేశాం. అంకె ఇంకాస్త తగ్గింది. రిపోర్టు ఆ అంకెతోనే పాసైంది.