పూల పండుగకు నర్సరీ పనికి

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పండుగ రద్దీ ఎట్లా ఉంటుందో కొత్తగా చెప్పేదేం లేదు. బతుకమ్మ సెలవులిచ్చిన మర్నాడే హనుమకొండ బస్సెక్కాను. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ వెంటనే చేతికొచ్చింది, సీటు మాత్రం జనగామలో గానీ దొరకలేదు. కిటికీ పక్కనే దొరికింది కాబట్టి కోపం పోయింది. రఘునాథపల్లి నుంచి ఘన్‌పూర్ దాకా గట్ల మీద, రాళ్ల సందుల్లో, మొండిగోడల పక్కన తంగేడు విరగబూసి ఉంది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పొయ్యలేదు.

అక్కావాళ్ల నర్సరీ హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద, హసన్‌పర్తికి ఇవతల. "పండుగకు రావే" అని ఫోన్ చేసిందంటే పనికి రమ్మని కూడా అర్థం. దసరా వచ్చేసరికి పత్తి పగులుతుంది. నర్సరీలో కవర్లు నింపే ఆడవాళ్లంతా పత్తి ఏరడానికి పోతారు, అక్కడ కూలి గిట్టుబాటు. సరిగ్గా అప్పుడే ఇక్కడ గిరాకీ. ఇండ్లకు సున్నాలు, రంగులు వేసుకున్నవాళ్లు గుమ్మం ముందు కుండీలు కావాలంటారు. కొత్త ఇంట్లోకి పోయేవాళ్లకు తులసి, మనీప్లాంట్ కావాలి. పూలున్న బంతి కుండీ అయితే ఎవరు వచ్చినా అడగాల్సిందే.

నేను చేరిన రాత్రే కడియం లోడు వచ్చింది. రాజమండ్రి పక్కనుంచి ఖమ్మం మీదుగా వచ్చిన లారీ. గులాబీలు, మందారాలు, క్రోటన్లు, అరెకా పామ్‌లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి దాకా దించాం. తెల్లారి అవన్నీ అమ్మకానికి పెడతారనుకున్నాను. అక్క వాటిని వెనక షేడ్ నెట్ కిందికి మోయించింది. గోదావరి గాలిలో తేమ ఎక్కువ, మన దగ్గర ఎండ పొడిగా కొడుతుంది, దించిన రోజే ఎండలో పెడితే ఆకంతా రాలుస్తాయట. "కొన్నోళ్లు ఇంటికి పోయినంక ఆకు రాలితే మనల్నే తిడ్తరు. నాలుగు దినాలు ఈడనే రాల్చుకోనీ" అంది. ఇంత నిజాయితీ ఉంటే పండుగ పూట ఎంత మిగులుతుందో నాకు అనుమానమే, కానీ పాత గిరాకీ అంతా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తున్నది.

పొద్దున నా పని నీళ్లు పట్టడం. పైపు పట్టుకుని నిలబడితే అయిపోదని మొదటి రోజే తెలిసింది. అక్క కవరు అంచు పట్టి కొంచెం లేపి చూస్తుంది. బరువుంటే వదిలేస్తుంది, తేలిగ్గా లేస్తే నీళ్లు. పైన మట్టి ఎండినట్టున్నా అడుగున తడి ఉంటుంది, మళ్లీ పోస్తే వేరు కుళ్లుతుంది. తర్వాత మట్టి కలపడం. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పెంటెరువు, కొబ్బరిపొట్టు, పైన ఇంత వేపపిండి. ఆ వేపపిండి వాసన అన్నం తినేటప్పుడు కూడా వేళ్లకే ఉంటుంది.

రోడ్డువైపు పూల మొక్కలుంటే, వెనక నెట్‌లో మిర్చి నారు. వరంగల్ అంటే మిర్చి కదా. చేన్లో పోయిన మొక్కల చోట మళ్లీ పెట్టుకోవడానికి రైతులు ట్రేలు పట్టుకుపోతున్నారు. మేడమ్‌లు గులాబీ రంగు గురించి పది నిమిషాలు ఆలోచిస్తారు. రైతు మాత్రం మొక్కను గుంతలోంచి లాగి, తెల్లవేరు చూసి, ఆకు తిప్పి కింద పురుగుందేమో చూసి, "ఇయ్యి తమ్మీ" అంటాడు బావతో. తామర పురుగు దెబ్బ తిన్నవాళ్లు ఆకు తిప్పి చూడకుండా ఎట్లా కొంటారు.

ఈ హడావుడిలో రోజూ ఎవరో ఒకరు అడిగే మాట ఒకటుంది: "తంగేడు ఉన్నదా?" లేదు. గునుగు? అదీ లేదు. బతుకమ్మకు ఈ రెండూ లేకపోతే బతుకమ్మే కాదు. తంగేడు మన రాష్ట్ర పుష్పం కూడా. అయినా ఊళ్లో ఏ నర్సరీలో అడిగినా ఇదే జవాబు. పండుగ తొమ్మిది రోజులు దాటితే దాన్ని అడిగేవాళ్లుండరు, మరి ఏడాదంతా నీళ్లు పోసి పెంచేదెవరు? మా దగ్గర పనిచేసే పెద్దమ్మ అయితే నవ్వింది. "తంగేడుకు కవరేంది బిడ్డా, గట్టు మీద దానంతటదే మొలుస్తది."

చివరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందురోజు పెద్దమ్మనూ నన్నూ ట్రాలీలో ఎక్కించుకుని బావ ఎల్కతుర్తి వైపు తీసుకుపోయాడు. గట్టు మీద మొలుస్తది సరే, గట్టు ఉండాలి గదా. పెద్దమ్మ గుర్తుపట్టి ఆపమన్న మొదటి రెండు చోట్లా వెంచర్లే, సున్నం రాసిన హద్దురాళ్లే. గునుగు కోసం చేన్లలోకి దిగితే కలుపు మందు కొట్టిన సాళ్లు నున్నగా ఉన్నాయి. చివరికి ఒక గుట్ట కింద, పడావు పడ్డ చెలకలో రెండూ దొరికాయి. గునుగును వేర్లతో పీకకుండా కాడ దగ్గర కోయాలని, గింజ రాలితేనే వచ్చే ఏడు మళ్లీ ఉంటుందని పెద్దమ్మ నా చేతికి కొడవలి ఇచ్చి మరీ చూపించింది.

సద్దుల నాడు రాత్రి ఏడు దాకా గిరాకీ తెగలేదు. అప్పుడు గేటు మూసి, తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరుస, రంగులద్దిన గునుగు ఒక వరుస, అమ్ముడుపోని బంతులు ఒక వరుస పేర్చుకుంటూ పోయాం. నా వరుస ఒకవైపు ఒరిగిందని అక్క విప్పి మళ్లీ పేర్చింది. పద్మాక్షి గుట్ట దగ్గరికి చేరేసరికి జనం మధ్యలో తాంబాళం దించే చోటు లేదు. నువ్వుల సద్ది, పల్లీల సద్ది పంచుకుని ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

దసరా నాడు జమ్మి గిరాకీ. ఈ మొక్క మహా మొండిది. పైన జానెడు పెరిగేలోపు తల్లివేరు కవరు చిల్లులోంచి భూమిలోకి దిగిపోతుంది. లేపితే పుటుక్కుమని తెగుతుంది. అప్పటికప్పుడు తెంపి అమ్మితే బతకదు. అందుకే నెల ముందే లేపి, వేరు కత్తిరించి, నీడలో నిలబెట్టి కోలుకున్నవాటినే బయటపెట్టారు. వచ్చినవాళ్లలో సగంమందికి మొక్క అక్కరలేదు, సాయంత్రం "బంగారం" పంచడానికి ఇంత ఆకు కావాలి. "మేడం, ఒక్క రెమ్మ" అంటూ చెయ్యి పెట్టేవాళ్లే. "రెమ్మ అమ్మం. చెట్టు కొనుక్కపోండ్రి, ఏడాదేడాది మీ ఇంట్లనే బంగారం" అని అక్క గదమాయిస్తే కొందరు నిజంగానే కొన్నారు.

నేను బయల్దేరే పొద్దున బావ ఒక సంచి తెచ్చి కుమ్మరించాడు. ఎండిన తంగేడు కాయలు. వేడినీళ్లల్ల నానేసి వంద కవర్లల్ల పెడతాడట.

"సంక్రాంతికి కొంటరా ఎవలన్న?" అంది అక్క.

"వచ్చే బతుకమ్మకు."

"అంతదాన్క నీళ్లు నువ్వే పట్టు" అని ఆమె మిర్చి ట్రేలు లెక్కపెట్టుకోవడానికి వెనక్కి పోయింది. బావ కాయలు ఒలవడం ఆపలేదు.