నూజివీడా, శ్రీకాకుళమా

పాతపట్నంలో మాది జిరాక్స్ షాపు. బోర్డు మీద నెట్ సెంటర్ అని ఉంటుంది గానీ, ఊళ్లో ఎవరూ ఆ పేరు వాడరు. పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, కాలేజీలు తెరిచేదాకా నాకు అన్నం తినే తీరిక ఉండదు. పాలిటెక్నిక్ వాళ్లు వస్తారు, గురుకులాల వాళ్లు వస్తారు. ఎక్కువ మంది వచ్చేది మాత్రం ట్రిపుల్ ఐటీకే. అసలు పేరు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. అంత పేరు ఇక్కడ ఎవరికీ నోరు తిరగదు.

"ఏటి బాబూ, మా గుంటకి సీటొస్తాదా?" అని అడుగుతారు. సర్కారు బడా, ప్రైవేటా అని నేను అడుగుతాను. సర్కారు బడి అంటే సగం ధైర్యం వచ్చినట్టే. సీటు ఇచ్చేది పదో తరగతి మార్కులను బట్టే. హాస్టల్ లేని జెడ్పీ, మున్సిపల్ స్కూళ్ల పిల్లల మార్కులకు నాలుగు శాతం కలుపుతారు. గ్రేడ్ల రోజుల్లో అయితే 0.4 పాయింట్లు కలిసేవి. 9.8 వచ్చిన జెడ్పీ పిల్లాడు, పదికి పది తెచ్చుకున్న ప్రైవేటు పిల్లాడిని దాటిపోయేవాడు. 2020లో కరోనా వల్ల పది పరీక్షలే జరగక, ఎంట్రన్స్ పెట్టారు. ఆ ఏడాది నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల మొహాలు ఇంకా గుర్తున్నాయి.

మార్కులు ఒకటే అయితే ముందు లెక్కల్లో ఎవరికి ఎక్కువని చూస్తారు. మాకు ఒడిశా సరిహద్దు కదా, కొంతమంది పిల్లలు పర్లాకిమిడి వైపు చదివి మధ్యలో ఇటు వస్తుంటారు. పదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితేనే లోకల్ కోటాలోకి వస్తారు. ఆ స్టడీ సర్టిఫికెట్ల కోసం ఒక్కో తండ్రి బడి చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతాడో నేను చూస్తూనే ఉంటాను.

ఇన్నేళ్లూ అందరికీ ఒక సలహా ఇచ్చేవాణ్ణి. "క్యాంపస్ ఏది ముందు పెట్టాలో మీరు చెప్పకండి, పిల్లనడగండి" అని. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. ఒక్కోదాంట్లో వెయ్యి సీట్లు, ఈడబ్ల్యూఎస్‌కి ఇంకో వంద. ఆరేళ్లు ఉండాల్సింది వాళ్లు. రెండేళ్లు పీయూసీ, అదే మన ఇంటర్ అనుకోండి. తర్వాత మళ్లీ ఎంట్రన్స్ గొడవ లేకుండా అక్కడే నాలుగేళ్లు బీటెక్.

ఈ ఏడాది మా పెద్దమ్మాయి వంతు వచ్చింది. జెడ్పీ హైస్కూలు, 568 మార్కులు. సంక్రాంతి అప్పటి నుంచే విశాఖపట్నం కాలేజీల పీఆర్వోలు మా ఇంటి మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. వాళ్లు చెప్పిన ఫీజు విని మా ఆవిడ మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించేసింది. ట్రిపుల్ ఐటీలో పీయూసీకి ఏడాదికి 45,000. అదీ మాకు తక్కువేం కాదు, కానీ లెక్క వేసుకోగలిగిన డబ్బు.

రాత్రి షాపు మూసే ముందు దాని అప్లికేషన్ నింపాను. ఫొటో, సంతకం స్కాన్ చేశాను. పేరులో అక్షరాలు మార్కుల మెమోలో ఎలా ఉన్నాయో, ఆధార్‌లో ఎలా ఉన్నాయో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎవరికైనా ఇదే చేస్తాను. క్యాంపస్‌ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరినీ అడగకుండా శ్రీకాకుళం ఒకటో నంబరులో పెట్టేశాను. డబ్బు కట్టేముందు ఒక ప్రింటు తీసి చూసుకోవడం నాకు అలవాటు. ఆ కాగితం టేబుల్ మీద పెట్టి షట్టర్ సగం దించుతుంటే, మా అమ్మాయి దాన్ని తీసి చదివింది.

"నాన్నా, ఇదేంటి?"

"దగ్గర కదమ్మా. క్యాంపస్ ఎచ్చెర్ల దగ్గరే, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చూసి వచ్చేయొచ్చు. నూజివీడు అంటే ఆమదాలవలసలో రైలెక్కాలి, రాత్రంతా ప్రయాణం."

"చదివేది నేనా, నువ్వా?"

అంతే అంది. అరవలేదు, ఏడవలేదు. నేను ఇంకోళ్లకి చెప్పే మాట నాకే తిప్పి చెప్పింది. వాళ్ల స్కూల్లో సీనియర్ అమ్మాయి నూజివీడులో చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా దానికి అక్కడి లైబ్రరీ గురించి, ల్యాబుల గురించి చెప్పిందట. నూజివీడు 2008లో మొదలైంది, మనది 2016లో. ఎనిమిదేళ్ల తేడా దానికి పెద్ద తేడాగా కనిపించింది. మారు మాట్లాడకుండా మార్చాను. నూజివీడు ఒకటి, శ్రీకాకుళం రెండు.

లిస్టు వచ్చింది. శ్రీకాకుళం.

నాకు లోపల ఎంత ఆనందం వేసిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అది రెండు రోజులు సరిగ్గా తినలేదు. నేనేమో షాపులో ఈల వేసుకుంటున్నానని మా ఆవిడ కోప్పడింది.

సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి క్యాంపస్ ఉన్న షేర్ మహమ్మద్ పురం వెళ్లాం. అన్నీ ఒరిజినల్స్, మూడేసి సెట్లు జిరాక్స్. జిరాక్స్ షాపు వాడి కూతురికి అది కూడా తక్కువైతే ఎలా? పక్కన నిలబడ్డ ఒక ఆయన దగ్గర కులం సర్టిఫికెట్ కాపీ ఒకటి తగ్గింది. మా సెట్లు చూసి, "మీదేమైనా జిరాక్స్ షాపా బాబూ?" అన్నాడు. అలవాటుగా తల ఊపాను.

చేరే రోజు ట్రంకుపెట్టె, బకెట్, పరుపు, కొత్త బెల్లం ఆవకాయ సీసా పట్టుకుని వెళ్లాం. సీసా మూతకి మా ఆవిడ రెండు కవర్లు చుట్టి దారం బిగించింది. అయినా నూనె కారి నా చొక్కాకి అంటింది. హాస్టల్ దగ్గర సామాను దించాక మా అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది.

"నాన్నా, నిజం చెప్పు. నాకు నూజివీడు రానందుకు నీకు సంతోషంగా ఉంది కదా?"

"ఉందమ్మా."

కాసేపు నా చొక్కా మీది మరక వైపే చూసింది.

"సరే. ఈ ఆదివారం మాత్రం రావద్దు. ఆ పై ఆదివారం రండి."