ఆక్సీమీటర్‌కి కనిపించని అలసట

"సాచురేషన్ 95 ఉంది కదా, మరి ఎందుకంత నీరసం?" సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్న నన్ను మా వాళ్లు తరచూ అడిగే మాట ఇది. ప్రేమతోనే అడుగుతారు. కానీ వేలికి పెట్టే ఆ ఆక్సీమీటర్ రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది తప్ప, దాన్ని అక్కడిదాకా చేర్చడానికి ఒళ్లు ఎంత కష్టపడిందో చెప్పదు.

ఈ జబ్బులో గాలి పీల్చడం కన్నా వదలడం కష్టం. శ్వాసనాళాలు ఇరుకైపోవడంతో లోపలి గాలి పూర్తిగా బయటికి రాకముందే మళ్లీ పీల్చాల్సి వస్తుంది, అలా గాలి మిగిలిపోతూ ఊపిరితిత్తులు ఉబ్బిపోయి, వాటి కింద గుమ్మటంలా ఉండాల్సిన డయాఫ్రమ్ అనే కండరం చదునుగా అయిపోతుంది. అప్పుడది తన పని సరిగా చేయలేదు కాబట్టి మెడ, భుజాల కండరాలు కూడా సాయానికి దిగుతాయి. అందుకే మెట్లెక్కినప్పుడే కాదు, తల దువ్వుకున్నా, బట్టలు ఆరేసినా నా పని అయిపోతుంది. చేతులు పైకెత్తామంటే ఆ కండరాలు అటు చేతుల్నీ, ఇటు ఊపిరినీ రెంటినీ మోయాలి మరి. స్నానం చేసి ఒళ్లు తుడుచుకోవడం కూడా అంతే. నేనిప్పుడు స్టూల్ మీద కూర్చునే స్నానం చేస్తాను, కూర్చునే తల దువ్వుకుంటాను.

అలా అని మంచానికి అతుక్కుపోతే ఇంకా నష్టం. ఆయాసానికి భయపడి కదలడం మానేసిన కొద్దీ తొడల్లో బలం తగ్గిపోతుంది, బలం లేని కాళ్లు నాలుగడుగులకే ఊపిరిని ఎక్కువ అడుగుతాయి, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. పల్మనరీ రిహాబ్ గురించి, అంటే ఊపిరితిత్తుల జబ్బున్న వాళ్లతో వ్యాయామం చేయించి ఊపిరి తీసుకునే పద్ధతులు నేర్పే శిక్షణ గురించి, మీ డాక్టర్ చెప్పకపోతే మీరే అడగండి. మామూలుగా 6 నుంచి 12 వారాలు ఉంటుంది. పాడైన ఊపిరితిత్తులు దానితో బాగుపడవు, కానీ కాళ్లకు బలం వస్తుంది, ఆయాసం తగ్గుతుంది, అది చిన్న విషయం కాదు. ముక్కుతో పీల్చి, పెదాలు దగ్గరగా పెట్టి, పీల్చిన దానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదలడం కూడా అక్కడ నేర్పిస్తారు.

ఇంకోటి, అలసటంతా ఊపిరితిత్తుల ఖాతాలోనే వేసేయకండి. రక్తహీనత, థైరాయిడ్, సరిగా లేని నిద్ర, డిప్రెషన్, ఇవన్నీ ఈ జబ్బుతో పాటే ఉండొచ్చు, వీటికి వైద్యం ఉంది. ఉన్నట్టుండి నీరసం బాగా పెరిగి, దగ్గో కఫమో కూడా ఎక్కువైతే మాత్రం రేపు చూద్దాంలే అనుకోకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది "నిన్న బాగానే తిరిగావుగా" అనే మాట. నిన్న తిరిగాను కాబట్టే ఇవాళ ఓపిక లేదు. ఇది బద్ధకం కాదు. నాలాంటి వాళ్లు మీ ఇంట్లో ఉంటే పనులన్నీ లాగేసుకుని కూర్చోబెట్టకండి, మెల్లగా చేసుకోనివ్వండి. నడుస్తున్నప్పుడు మాట్లాడించకండి, మాటకీ ఊపిరే కావాలి. కాసేపు ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు చెబుతాం.