పట్టపగలు తోలుబొమ్మలాట

శుక్రవారం మా పాప బడిలో బాలల దినోత్సవం అయింది. ఈ పొద్దు సోమవారం. మూడు దినాలైనా ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదు. బడిలో పిల్లలతో బొమ్మలాట ఆడించాలని ఇంకెవరికన్నా బుద్ధి పుడితే నాలాగా నలుగురిలో తల దించుకోకూడదని రాస్తున్నా.

నాది అనంతపురంలో బోర్డులు రాసే పని, చేత్తో. ఫ్లెక్సీలు రాకముందు టవర్ క్లాక్ చుట్టుపక్కల వీధుల్లో నా చేతి అక్షరం లేని వీధి లేదు. గొప్పలు కాదు, అప్పటి అంగళ్ల వాళ్లను అడగండి. ఇప్పుడు నంబరు ప్లేట్లు, అప్పుడప్పుడు ఒక గుడి గోడ. పాప సర్కారు బడిలో నాలుగో తరగతి. "మా నాయనకు బొమ్మలు వేసేది వచ్చు టీచర్" అని చెప్పి ఊరుకుంది. అట్ల తగులుకున్నా.

హెచ్చెం మేడమ్ సరే అనడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. పేరెంట్స్ కమిటీని డబ్బు అడగలేదు కాబట్టి వాళ్లూ అడ్డం చెప్పలేదు.

తోలుబొమ్మలే ఎందుకంటే, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది కదా. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినాక అది శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మాకింకా అదంతా అనంతపురమే. ఒక ఆదివారం పాపను బండి మీద ఎక్కించుకుని పోయి చూసొచ్చినా. మేకతోలును వెలుగు దూసుకొచ్చేంత పల్చగా చేసి, రెండు పక్కలా రంగులేసి, నగలు ఉన్నచోటల్లా ఉలితో చిల్లులు కొడతారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే ముత్యాలు. వెనకటి కాలంలో ఆముదం దీపాలు పెట్టి తెల్లవార్లూ ఆడేవాళ్లంట. అక్కడొక పెద్దాయన నేను చెప్పిందంతా విని ఒక్క మాట అన్నాడు.

"ఇది రాత్రి ఆటప్పా."

నేను తలకాయ ఊపినా. ఆ మాట బుర్రకెక్కింది మాత్రం శుక్రవారం పదకొండు గంటలకు.

నాలుగు, ఐదు తరగతులు కలిపి పంతొమ్మిది మంది పిల్లలు. వాళ్ల చేతికి ఉలి, తోలు ఇవ్వలేం. చిన్నప్పుడు క్యాలెండర్‌లో దేవుడి బొమ్మ దిద్దుకోవడానికి కాయితానికి నూనె పూసేవాళ్లం చూడండి, ఆ కిటుకే వాడినా. డ్రాయింగ్ షీటు మీద బొమ్మ గీయాలి, రంగు వేయాలి, బాగా ఆరనిచ్చి వెనకపక్క దూదితో నూనె అద్దాలి. ముందే నూనె పూస్తే రంగు పట్టదు. మాకు నూనెకు కరువా, ప్రతి ఇంట్లో శనక్కాయ నూనె ఉంటుంది. పూసిన షీట్లను ఒక రాత్రి పాత పేపర్ల మధ్య పెడితే జిడ్డు దిగుతుంది. చిల్లులకు దబ్బనం, కింద పాత రబ్బరు చెప్పు. భుజం దగ్గర, మోచేయి దగ్గర దారం ముడి. చీపురుపుల్లలు పెట్టొద్దు, బొమ్మ బరువుకు వంగిపోతాయి. వెదురుబద్దలే పెట్టండి.

మొగాలు ఎట్ల గీయాలంటే లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మల మాదిరి అని చెప్పినా. మొగం పక్కకు, కన్ను పెద్దగా. అంతే చెప్పినా, చేయి పెట్టలేదు. ఒకడి రావణుడికి షీటు అయిపోయి తొమ్మిది తలలే పట్టినాయి. సీతమ్మకు రెండు జడలు, రిబ్బన్లు. ఆటలో నవ్వించే జుట్టుపోలిగాడికి హవాయి చెప్పులు. దిద్దాలని నా చేయి దురద పెట్టింది, జేబులో పెట్టుకున్నా. మూడు బొమ్మలు ఇంటికి పోయి మర్నాటికి తళతళలాడుతూ వచ్చినాయి. అమ్మలో అక్కలో దిద్దినారని చూస్తేనే తెలుస్తుంది. తల్లులారా, మీకు దండం పెడతా, అట్ల చేయొద్దు. ఇంక ప్రాజెక్టులు చేసిచ్చే అంగళ్లు ఉన్నాయి, థర్మాకోల్ ఇల్లు ఇంత, అగ్నిపర్వతం ఇంత అని రేటు. ఆ అగ్నిపర్వతం పట్టుకుని ఫోటోకు నిలబడే బిడ్డకు ఏం వచ్చినట్టు? సరే, దాని గురించి ఇంకోసారి.

కార్యక్రమానికి నాలుగు దినాల ముందు పైనుంచి ఫోన్ వచ్చింది. ఏ ఆఫీసో రాయను. అతిథి పదకొండు గంటలకు వస్తాడు, షామియానా వేయండి, ఫ్లెక్సీ ఉండాలి, ఫోటోలు ఒంటిగంట లోపల ఎక్కించాలి. సాయంత్రం చీకటి పడినాక పెట్టుకుంటామని మేడమ్ చేత అడిగించినా. "బడి టైములోనే" అన్నారంట. పిల్లల రంగులకు, షీట్లకు పైసా రాలేదు, ఫ్లెక్సీకి మాత్రం తొమ్మిది వందలు వచ్చింది. ఎనిమిదడుగుల ఫ్లెక్సీ! నా పొట్ట కొట్టిన ఫ్లెక్సీని నేనే నిచ్చెన ఎక్కి కట్టినా.

పోనీలే, ఫోకస్ లైటు పెడితే కనపడుతుందనుకున్నా. షామియానా కింద మా నాయన పంచె తెరగా కట్టి వెనక లైటు వేసినా. ముందురోజు మాయింట్లో రాత్రిపూట చూసుకుంటే బంగారంలా ఉండింది. బడి ముంగట మైదానం, నెత్తిన ఎండ. షామియానా నీడ ఒక లెక్కా? పాప "అనగనగా లంకా పట్నం" అని మొదలుపెట్టింది. పిల్లలు బొమ్మలు ఎత్తినారు. వెనకనుంచి నాకు అన్నీ కనపడుతున్నాయి కాబట్టి బాగా నడుస్తాందనే అనుకున్నా. ముందర ఉన్నోళ్లకు ఉతికి ఆరేసిన పంచె తప్ప ఏమీ లేదు. హనుమంతుడు సముద్రం దాటినాడు, పంచె. రావణుడు అరిచినాడు, పంచె. ఐదు నిమిషాలు అట్లే జరిగింది.

అతిథి మైకు తీసుకున్నాడు. "ఏమప్పా, రాముడు పంచె ఆరేసి యాడికో పోయినట్టుండాడే?"

షామియానా మొత్తం నవ్వింది. టీచర్లు నవ్వినారు, పోలియో చుక్కలకు వచ్చే ఆయమ్మ కూడా నవ్వింది. ఏమైందో చూద్దామని నేను పంచె పక్కనుంచి తల బయట పెట్టినా. ఇంకా గట్టిగా నవ్వినారు. ఇరవై ఏడేళ్లు బ్రష్షు పట్టినోణ్ణి, పట్టపగటి వెలుగులో లైటు నీడ కనపడదని ఒకటో తరగతి పిల్లోనికి తెలిసిన సంగతి నాకు తెలియలేదు. పిల్లలు బొమ్మలు దించలేదు, చెప్పేదాకా దించొద్దని నేనే చెప్పింటి. చేతులు వణుకుతున్నా పట్టుకునే ఉన్నారు. పాప నా పక్క చూడలేదు. ఆ పంచె ముందర నిలబెట్టి గ్రూపు ఫోటో తీసి ఎక్కించేసినారు. ఇప్పటికీ ఆఫీసు లెక్కలో మా తోలుబొమ్మలాట అంటే తెల్ల పంచె, దాని మీద ఫ్లెక్సీ.

పన్నెండున్నరకు కార్లు పోయినాయి. పిల్లలు అన్నాలు తినేటప్పుడు నేను వైర్లు చుట్టుకుంటా ఎవరి మొగమూ చూడలేదు.

మూడు దాటినాక తొమ్మిది తలల రావణుణ్ణి చేసినోడు ఉరుక్కుంటా వచ్చినాడు. "మామా, పాత రూములో మేక బొమ్మలాట ఆడతాంది!" పోయి చూస్తే నిజమే. సామాన్లు వేసే పాత గది, పడమటి తలుపు విరిగిపోతే యూరియా సంచులు కుట్టి పరదా కట్టినారు. దానికి వరండా లేదు. బయట మేక నిలబడి ఉంది, సంచుల మీద దాని నీడ, చెవులు కదలడం కూడా కనపడుతోంది. లోపల చీకటి, వెలుగు అవతల. మేము చేసింది తలకిందులు, అంతే.

సంచులు విప్పి పంచె కట్టినాం. పిల్లలు బయట ఎండలో, చూసేవాళ్లు లోపల చీకట్లో. ఇంత లైటు ఏ కరెంటు ఇస్తుంది? సీతమ్మ రిబ్బన్లు ఎర్రగా వెలిగినాయి, దబ్బనం చిల్లులు చుక్కల్లాగా. సూర్యుడు పిల్లల వీపుల వెనక ఉన్నాడు కదా, వాళ్ల నీడలూ పడినాయి. రాముడి పక్కన ఐదో తరగతి పిల్ల జడ, లంక మీద ఎవరిదో ముక్కు. ఎవరూ పట్టించుకోలేదు. చూసింది ఎవరంటే చిన్న తరగతుల పిల్లలు, వంట చేసే ఇద్దరక్కలు, ఇంటికి తీసుకుపోను వచ్చిన నలుగురు అమ్మలు, మేడమ్. జుట్టుపోలిగాడు చెప్పులు పోగొట్టుకుంటే వంటక్క ఒకామె కళ్లనీళ్లు వచ్చేంత నవ్వింది. పొద్దునటి నవ్వు కాదది. ఆట అయిపోయినా ఒకటో తరగతి పిల్లలు లేవలేదు. రెండోసారి ఆడినాం. బెల్లు కొట్టినాక కూడా ఒకడు తెర వెనక రావణుడు ఉన్నాడేమోనని తొంగి చూసినాడు.

ఫోటో ఎవరూ తీయలేదు. నా ఫోను చార్జింగు అయిపోయింది.

ఇది రాస్తుండగానే మేడమ్ ఫోన్ చేసింది. బొమ్మలన్నీ పాత గదిలో పెట్టెలో పెట్టినాం కదా, శని ఆదివారాల్లో ఎలుకలు దూరినాయంట. శనక్కాయ నూనె పూసింది మనమే, వాటినేమనాలి? హనుమంతుడి తోక, రావణుడి రెండు తలలు పోయినాయి. వాడికి చెప్తే "ఇంకా ఏడున్నాయి కదా మేడమ్" అన్నాడంట. రేపు షీట్లు తీసుకుని పోతున్నా. ఈసారి నూనె కాకుండా కొవ్వొత్తి మైనం రుద్ది చూడాలి.