దువ్వాడలో దిగమంటే కోపమెందుకు?

మా గాజువాకలో ఎవరింటికి వెళ్లినా ఒకటే గోల: "ఆ బండి విశాఖ స్టేషన్‌కి రాదట, దువ్వాడ మీదుగానే పోతుందట!" దువ్వాడంటే విశాఖ శివారులోని స్టేషన్. నాకైతే కొన్ని బళ్లకు ఆ దారే మంచిదనిపిస్తుంది. విజయవాడ నుంచి భువనేశ్వర్ పోయే బండి విశాఖ స్టేషన్లోకి వస్తే, మళ్లీ వచ్చిన వైపు నుంచే బయటపడాలి. అంటే ముందున్న ఇంజిన్ విప్పేసి, వెనక చివర ఇంకో ఇంజిన్ తగిలించాలి. ఇంజిన్‌ని పెట్టెకి కలిపే కప్లింగ్ బిగించి, బ్రేకు పైపులు కలిపి, గాలి ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో చూడాలి. అప్పుడుగానీ బండి కదలదు. అంతసేపూ ప్లాట్‌ఫాం ఖాళీ అవదు, వెనకొచ్చే బండి స్టేషన్ బయట అవుటర్ సిగ్నల్ దగ్గర నిలబడిపోతుంది. ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లాడికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

విశాఖ స్టేషన్‌కి రానీకుండా దువ్వాడ దగ్గరే సింహాచలం నార్త్ స్టేషన్ వైపు తిప్పేస్తే ఈ తతంగమేదీ ఉండదు. విశాఖలో దిగేవాళ్లు ఎక్కువగా ఉండే బండిని అలా పంపితే మాత్రం అన్యాయమే. దువ్వాడ మీదుగా పంపిన ఏ బండికైనా, అది అర్ధరాత్రి వచ్చినా సరే, దువ్వాడలో సిటీ బస్సు సిద్ధంగా ఉండాలి.

ఇంకోటి. ఆలస్యం సర్దుకోడానికి టైంటేబుల్లో వేసే అదనపు నిమిషాలన్నీ చివరి స్టేషన్ ముందే కుమ్మరిస్తే తునిలో, అనకాపల్లిలో దిగేవాళ్లకు ఏం లాభం? కాసిన్ని సామర్లకోటకి ముందూ వేయాలి.