మచ్చల వెనక పెన్సిల్ గీత

పాజ్ నొక్కి విలన్ క్రుయెల్లా కోటు అంచు చూడండి. గీత నున్నగా లేదు, యానిమేటర్ పెన్సిల్ గరుకు అలాగే ఉంది. ఇవాళ మళ్ళీ పెట్టిన 1961 నాటి డిస్నీ కార్టూన్ సినిమా, మచ్చల కుక్కల కథ 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్' అందం నాకైతే అక్కడే.

డిస్నీ వాళ్ళ 'స్లీపింగ్ బ్యూటీ' (1959) దాకా సెల్ (బొమ్మ వేసే పారదర్శక షీటు) మీద దాదాపు గీతలన్నీ చేత్తోనే ఇంకుతో దిద్దేవారు. ఇక్కడ జిరాక్స్ పద్ధతిలో పెన్సిల్ బొమ్మే నేరుగా సెల్ మీదకి దిగింది. లేకపోతే ఇన్ని మచ్చల్ని ఫ్రేము ఫ్రేముకీ దిద్దడం అయ్యే పనేనా!

నష్టమూ ఉంది. నల్లగీత మొరటుతనం వల్ల ముఖాల్లో మెత్తదనం పోయింది.

అసలు లోపం కథలో. కుక్కపిల్లలు 99 అయ్యాక ఎవరెవరో తెలీదు. ఎప్పుడూ ఆకలనే రోలీ, టీవీకి అతుక్కుపోయే లక్కీ లాంటి ఒకరిద్దరు తప్ప మిగతాదంతా గుంపే.

కుక్కలన్నీ మసి పూసుకుని నల్ల లాబ్రడార్ జాతి కుక్కల్లా క్రుయెల్లా కళ్ళుగప్పి జారుకునే సీను మాత్రం ఇప్పటికీ గట్టిదే. కరిగే మంచు మీద పడితే చాలు, గుట్టు రట్టు.