నాలుగు వేలు అనుకుని మూడు వేల రెండు వందలకు వచ్చాను

ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ మార్చాక నా కారు చురుకెక్కాల్సింది పోయి మందగించింది. 2001 నాటి షెవర్లే కమారో అది. 5.7 లీటర్ల ఎల్‌ఎస్1 ఇంజిన్, నాలుగు గేర్ల 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. డాలస్ శివార్లలో ఉంటున్న నేను వారంలో రెండు మూడు రోజులు దీంట్లోనే ఆఫీసుకు వెళతాను. కొత్త క్యామ్‌తో ఐదు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటాక ఇంజిన్ గొంతు విప్పేది. సిగ్నల్ దగ్గర మాత్రం గేరులో ఉండగా వణికేది, బ్రేకు నొక్కి పట్టినా ముందుకు తోసేది. పచ్చ దీపం పడ్డాక యాక్సిలరేటర్ ఎంత నొక్కినా 3,000 దాటేదాకా కారులో కదలికే ఉండేది కాదు. క్యామ్ ఇంజిన్ బలాన్ని పైకి జరిపింది. ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు మధ్య ఉండే పాత టార్క్ కన్వర్టర్ మాత్రం ఇంజిన్‌ను ఇంకా 1,800 ప్రాంతంలోనే పట్టి ఉంచుతోంది.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ గేర్‌బాక్సులు విప్పిన మా నాన్నకు ఫోనులో ఈ సంగతి చెప్పాను. "క్లచ్ పెడలే లేదంటావు. బ్రేకు వేసి నిలబెడితే ఇంజిన్ ఎందుకు ఆగిపోవడం లేదురా?" అన్నారు. కుండలో కవ్వం తిప్పితే మజ్జిగంతా సుడి తిరుగుతుంది కదా, ఆ సుడిలోకి ఇంకో కవ్వాన్ని దించితే అదీ తిరుగుతుంది అని చెప్పాను. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ తిప్పే రెక్కలు మొదటి కవ్వం, గేర్‌బాక్సుకు వెళ్లే రెక్కలు రెండోది, మధ్యలో ఉన్న ఆయిలే మజ్జిగ. వెనక్కి వచ్చే ఆయిల్‌ను ఇంజిన్‌కు సాయపడేలా మళ్లించే స్టేటర్ రెక్కలు మరికొన్ని ఉంటాయి. కారు కదిలే క్షణంలో టార్క్ (తిప్పే బలం) రెట్టింపు దాకా పెరగడం వాటి వల్లే. నాన్న కాసేపు ఆలోచించి, "రెండో కవ్వాన్ని గట్టిగా పట్టుకుంటే మొదటిది ఎంత వేగం దాకా తిరుగుతుంది?" అని అడిగారు.

స్టాల్ స్పీడ్ అంటే సరిగ్గా అదే. ఆ మాట నేను చెప్పేలోపే ఆయన, "అది తిప్పేవాడి బలాన్ని బట్టి కూడా ఉంటుంది కదా" అన్నారు.

ఆ ఒక్క మాట నన్ను కాపాడింది. అప్పటికే నేను ఒక పాత కన్వర్టర్‌కు బేరం కుదుర్చుకున్నాను. స్టాల్ 4,000, ధర కొత్తదానిలో సగం. అమ్మేవారిని మళ్లీ అడిగితే, తమ కారులో ఉన్నది 408 ఘనపు అంగుళాల ఇంజిన్ అన్నారు. నాది 346. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ 4,000 ఆయన ఇంజిన్ బలానికి వచ్చిన అంకె. అదే కన్వర్టర్ నా ఇంజిన్ వెనుక అంతకంటే తక్కువ దగ్గరే ఆగుతుంది, ఎంత తక్కువన్నది ముందుగా కచ్చితంగా చెప్పలేం. బేరం వదులుకుని, కొనేవారి కారుకు తగ్గట్టు తయారుచేసి ఇచ్చే ఒకరికి ఫోను చేశాను.

ఎంత స్టాల్ కావాలని ఆయన అడగలేదు. నేను కూర్చున్నప్పుడు కారు బరువెంత, వెనుక ఇరుసు నిష్పత్తి ఎంత, టైరు ఎత్తు ఎంత, క్యామ్ కొలతలేమిటి, ఏ ఆర్‌పీఎం దగ్గర గేరు మారుతుంది, రేసు ట్రాకుకు ఏడాదికి ఎన్నిసార్లు వెళతారు అని అడిగారు. చివరి ప్రశ్నకు నిజం చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాను. రెండు మూడుసార్లు, అంతే. "అయితే 4,000 గురించి మరిచిపోండి, 3,200 చాలు" అన్నారు.

ఎందుకో ఆయన వివరించిన తీరు నాకు నచ్చింది. 4ఎల్60ఈలో మొదటి గేరు 3.06, రెండోది 1.63. మధ్యలో పెద్ద అగాధం. 6,300 దగ్గర గేరు మారితే ఇంజిన్ లెక్క ప్రకారం 3,350 ప్రాంతానికి పడిపోతుంది. కన్వర్టర్ 3,200 దగ్గర నిలిస్తే ఇంజిన్ అక్కడినుంచి తడబడకుండా మళ్లీ అందుకుంటుంది. ఇక ఊళ్లో సంగతి. నా 3.23 ఇరుసు నిష్పత్తితో, మూడో గేరులో గంటకు 40 మైళ్లు వెళితే ఇంజిన్ తిరిగేది దాదాపు 1,700. మరీ వదులు కన్వర్టర్, అంటే స్టాల్ బాగా ఎక్కువున్నది, ఆ వేగాల్లో జారుతూనే ఉంటుంది. జారినదంతా ఆయిల్‌లో వేడిగా మిగులుతుంది. టెక్సస్ ఆగస్టులో ఆ వేడి నాకు అక్కర్లేదు.

టార్క్‌ను ఎన్ని రెట్లు చేయాలన్న దగ్గర మాత్రం నేనే వాదించాను. రెండున్నర రెట్లు ఇచ్చేది కావాలన్నాను. మామూలు రోడ్డు టైర్లతో ఆ దెబ్బంతా పొగగా పోతుందని, పైగా కారుతో వచ్చిన స్టాక్ ఇరుసు మీద అనవసరంగా పడుతుందని ఆయన అన్నారు. చివరికి రెండు రెట్లకు కాస్త తక్కువగా ఉండేదానికి ఒప్పుకున్నాను. ఇప్పుడు నడుపుతుంటే ఆయన మాటే నిజమనిపిస్తోంది. కన్వర్టర్ జారకుండా రెండు వైపులనూ కలిపి పట్టే లాకప్ క్లచ్ లేనిది వద్దని మాత్రం నేను మొదటే చెప్పాను. రోజూ హైవే ఎక్కే కారుకు అది లేకపోతే ఎలా? స్టాక్ కన్వర్టర్ వ్యాసం దాదాపు 12 అంగుళాలు, కొత్తది పదికి లోపు. చేతిలోకి తీసుకుంటే బొమ్మలా అనిపించింది. దాదాపు 800 డాలర్లయింది.

బిగించే రోజు మెకానిక్ పక్కనే నిలబడ్డాను. కన్వర్టర్‌లో కొంత ఆయిల్ పోసి, మెల్లగా తిప్పుతూ గేర్‌బాక్సులోకి తోశారు. అది మూడు చోట్ల కూర్చోవాలి: స్టేటర్ షాఫ్ట్ పళ్ల మీద, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద, చివరికి ఆయిల్ పంపులో. కూర్చున్న ప్రతిసారీ లోపలికి ఒక మెట్టు జారినట్టు చప్పుడవుతుంది. మూడోది పడకుండా గేర్‌బాక్సును ఇంజిన్‌కు బిగిస్తే పంపు పగిలిపోతుంది. ఇంజిన్‌కు బిగించాక కన్వర్టర్‌కు, ఇంజిన్ వెనుక ఉండే ఫ్లెక్స్‌ప్లేట్‌కు మధ్య అంగుళంలో 1/8 నుంచి 3/16 వంతు ఖాళీ ఉండాలి. కొలిచి చూపించమని అడిగాను, ఆయన విసుక్కోకుండా చూపించారు. అదే రోజు రేడియేటర్ ముందు విడిగా ఒక ఆయిల్ కూలర్, డాష్‌బోర్డు మీద ఆయిల్ ఉష్ణోగ్రత మీటరు పెట్టించాను. అధిక స్టాల్ కన్వర్టర్ వేసి కూలర్‌కు డబ్బు మిగుల్చుకునేవారిని చూస్తే నాకు బాధేస్తుంది. ముందుగా చచ్చేది గేర్‌బాక్సే.

మొదటి వారం చికాకుగానే గడిచింది. కారు కంప్యూటర్ పాత కన్వర్టర్ లెక్కలతోనే లాకప్ వేసి తీసేది. గంటకు 50 మైళ్ల దగ్గర నాలుగో గేరులో ముందు లాకై, కాలు కాస్త కదిపితే వదిలేసి, మళ్లీ పట్టుకునేది. కంప్యూటర్ లెక్కలు మార్చే ట్యూనర్ దగ్గర మరో మధ్యాహ్నం కూర్చుని వాటిని సరిచేయించాక శాంతించింది. ఇప్పుడు 70 మైళ్ల దగ్గర లాకై 2,070 మీద నిలకడగా సాగుతుంది. సిగ్నల్ దగ్గర ముందుకు తోయడం లేదు. మెల్లగా వెళుతూ ఒక్కసారిగా నొక్కితే ముల్లు 3,200 దాకా ఎగిరి, అక్కడినుంచి క్యామ్ అందుకుంటుంది.

ఆ ఆదివారం నాన్నకు వీడియోలో ఇంజిన్ శబ్దం వినిపించాను. గంట సేపు ఊళ్లో తిరిగి అప్పుడే వచ్చాను. ఆయన శబ్దం గురించి ఏమీ అనలేదు. "ఆయిల్ ఎంత వేడెక్కింది?" అన్నారు. 180 అన్నాను. ఒక్క క్షణం ఆయన ముఖం మారింది. ఫారెన్‌హీట్‌లో నాన్నా, మన లెక్కలో 82 అని చెప్పాక కుర్చీలో వెనక్కి వాలి, "ఇప్పుడు మళ్లీ స్టార్ట్ చెయ్యి, విందాం" అన్నారు.